సముద్రం వాకిట్లో ముగ్గు

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి. నిద్రొచ్చేవాళ్ళు నిద్రపోండి, కథ ఏమీ అనుకోదు. మధ్యలో ప్రశ్నలు వేసేవాళ్ళు మాత్రం కాస్త ఓపిక పట్టాలి. నాకు కథ ఒకసారి తెగిందంటే మళ్ళీ ముడి పడదు.

అనగనగా, మన తాతల తాతలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక ఇసుక ఊరు. వెనక తాటితోపు, ముందు సముద్రం, మధ్యన తాటాకు గుడిసెలు. ఊళ్ళో అందరిదీ వేట. నాలుగు దుంగలు తాళ్ళతో బిగించి కట్టిన తెప్పలే వాళ్ళ ఆస్తి. ఆ ఊరికి రేవు లేదు. తెప్ప దించాలన్నా, తిరిగి ఒడ్డు చేరాలన్నా మూడు వరసల కెరటాలు దాటాలి. దూరాన విరిగేది పెద్దక్క. నడుమ విరిగేది నడిపక్క. ఒడ్డున మన కాళ్ళ దగ్గర విరిగేది చిన్నది. ముగ్గురూ నవ్వుతూ ఉంటే తెప్ప ఉయ్యాల ఊగుతూ దాటిపోయేది. ముగ్గురికీ ఒక్కసారే కోపం వచ్చిందా, దుంగలకి దుంగలు ఊడి ఒడ్డున పడేవి. ఒక్కోసారి మనిషి కూడా అలాగే వచ్చేవాడు.

ఆ ఊరికి ఆదెమ్మ కోడలిగా వచ్చింది. ఎగువన ఏటి ఒడ్డు పిల్ల. వాళ్ళ నాన్న ఏట్లో విసురువల వేసి చేపలు పట్టేవాడు. సముద్రం అనే మాట వినడమే గాని ఎన్నడూ చూసింది లేదు. పెళ్ళై, బండి దిగి, సందె మసకలో దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఆఖరికి మొగుణ్ణి అడిగింది.

"ఈ ఏటికి అవతల గట్టు ఏదీ?"

మొగుడు కొర్లయ్య మంచివాడు. నవ్వాడు గాని వెక్కిరించలేదు.

"ఎతుకుతన్నాం. ఇంకా దొరకనేదు," అన్నాడు.

మర్నాడు తెల్లారకముందే లేచింది ఆదెమ్మ. పుట్టింటి అలవాటు, లేవగానే వాకిలి ఊడ్చి ముగ్గెయ్యాలి. గుడిసె ముందు చూస్తే అంతా ఎండు ఇసుక. గీత గీస్తే పూడిపోతోంది, పిండి చల్లితే గాలి ఎత్తుకుపోతోంది. తడి నేల వెతుక్కుంటూ నడిచి నడిచి నీళ్ళ అంచుకి చేరింది. అక్కడ ఇసుక అలికిన అరుగులా నున్నగా, గట్టిగా ఉంది. ఇదే వాకిలి కాబోలు అనుకుంది. కూర్చుని ముగ్గేసింది. చిన్న కెరటం వచ్చి చెరిపేసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ చెరిపేసింది. మూడోసారి వేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. చెరిపితే చెరపనీ, వెయ్యడం నా వంతు అనుకుంది.

ఊరంతా పగలబడి నవ్వింది. అత్త నూకమ్మకి తలెత్తుకోలేనంత పని అయింది.

"ఓలమ్మా, కోడల్ని తెమ్మంటే సముద్రం వాకిట్లో ముగ్గేసే దాన్ని తెచ్చినాను నాను," అని కనబడ్డ వాళ్ళందరికీ చెప్పుకుంది.

అందరికన్నా ఎక్కువ నవ్వింది మరిది ఎల్లాజీ. అప్పటికి మొలతాడు తప్ప ఒంటిమీద మరేమీ లేని గుంటడు. నవ్వి నవ్వి, మర్నాటికి ఆల్చిప్పలు ఏరి, రాయి మీద నూరి, కొబ్బరిచిప్పడు తెల్లపిండి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వదినా, ఇది బాగా కనపడతాది, ఏసి సూడు," అన్నాడు.

ఆ రోజు నుంచి వాడు ఆమె కొంగు వదలలేదు. వాడి నోట విని ఊళ్ళో పిల్లలంతా వదినా అన్నారు. పిల్లల నోట విని పెద్దలూ అన్నారు. తండ్రి వయసు వాళ్ళు కూడా ఆమెని వదినా అనే పిలిచేవారు. ఆదెమ్మ అనే పేరు అత్తకీ మొగుడికీ తప్ప మిగిలిన వాళ్ళకి గుర్తు లేకుండా పోయింది.

రోజూ ముగ్గు, రోజూ కెరటం. అలా కొన్నాళ్ళు గడిచాయి. కొర్లయ్య తెప్ప మీద కూర్చుని ఆమెకి సముద్రం సంగతులు చెప్పేవాడు.

"కెరటానికి మొకం ఒడ్డు కేసి ఉంటాది. ఈపు మాకేసి ఉంటాది. ఎల్లినప్పుడు దాని మొకం సూసి, కోపమా కాదా అని తెలుసుకుంటాం. తిరిగొచ్చినప్పుడు ఈపే కనపడతాది. నున్నగా ఉంటాది. లోపల ఏటుందో తెలవదు," అనేవాడు.

ఒకనాటి తెల్లవారుజామున ముగ్గు మీదకి చిన్న కెరటం వచ్చింది. ఎప్పటిలా చెరపలేదు. పక్కకి పట్టుకుని ఈడ్చింది. తెల్ల గీతలన్నీ ఒక పక్కకి, దక్షిణానికి, జడలా సాగిపోయాయి. ఆదెమ్మ చూసింది. ఇదేదో కొత్తగా ఉందే అనుకుంది, అంతే. ఆ పూట కొర్లయ్య తెప్ప నడిపక్క దగ్గర తిరగబడింది. తెప్ప దక్షిణానికి ఎంతో దూరాన ఒడ్డు చేరింది. కొర్లయ్య చేరలేదు.

ఆదెమ్మ ఏడ్చింది. అందరూ ఏడ్చినట్టే ఏడ్చింది. ఏడుపు అయ్యాక మాత్రం ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. సముద్రం పొద్దున్నే చెప్పింది, నాకే చదవడం రాలేదు. పుట్టింటి వాళ్ళు వచ్చి తీసుకుపోతామన్నారు. రానంది. అత్త ముసలిదైపోయింది, ఎల్లాజీ చిన్నవాడు, వాళ్ళని వదిలి ఎలా వస్తానంది. అది నిజమే. కానీ మనసులో ఇంకోటుంది. ఈసారి చెబితే వినాలి. ఆమె బతుక్కి ఆ ఒక్క కోరికే మిగిలింది, ఎల్లాజీ ప్రతిరోజూ ఒడ్డెక్కాలి.

అప్పటినుంచి ముగ్గేసి వెళ్ళిపోవడం మానేసింది. వేసి, పక్కన గొంతుకూర్చుని చూసేది. మంచు పడుతున్నా చూసేది, చినుకులు పడుతున్నా చూసేది. సముద్రం ఆమె వాకిట్లోకి రోజూ వచ్చి ఏదో ఒకటి చెప్పి పోయేది. నిద్రలో కూడా వచ్చేదట. కలలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు తడి జుట్లతో వచ్చి, ఆమె చాప చుట్టూ కూర్చుని, రేపెలా ఉండబోయేదీ గుసగుసలాడుకునేవారని చెప్పుకుంటారు. నేను చూశానా, మీరు చూశారా. చెప్పుకునేది చెబుతున్నాను.

చూడగా చూడగా మూడు సంగతులు తేలాయి. కెరటం వచ్చి, ముగ్గుని తడిపి, గీత చెరపకుండా వెళ్ళిపోతే గంగమ్మ చూసింది అనేవారు. ఆ రోజు సముద్రం పాలలా ఉంటుంది, నింపాదిగా వేట చేసుకోవచ్చు. ఒక్క ఊపులో శుభ్రంగా తుడిచేస్తే ఊడ్చింది అనేవారు. వెళ్ళొచ్చు, మధ్యాహ్నానికల్లా గాలి లేస్తుంది, బేగి వచ్చెయ్యాలి. పక్కకి ఈడ్చుకుపోతే లాగింది అనేవారు. ఆ రోజు తెప్ప దించకూడదు.

మొదట ఎల్లాజీ ఒక్కడే అడిగేవాడు. తరవాత వాడి ఈడు వాళ్ళు. తరవాత అందరిలోకీ పెద్ద తెప్ప గల దానయ్య. ఆ ఊరికి ఆయన మాటే మాట. ఆయన కూడా తలపాగా చుట్టుకుంటూ నీళ్ళ అంచుకి వచ్చి అడిగేవాడు.

"వదినా, చూసిందా, ఊడ్చిందా, లాగిందా?"

"సూసింది బాబూ," అనేది. తెప్పలు దిగేవి.

"ఊడ్చింది," అనేది. బేగి వెళ్ళి బేగి వచ్చేవారు.

"లాగింది," అనేది. వలలు ముందేసుకుని చిరుగులు అల్లుకునేవారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఒడ్డున ఒక కట్టుబాటు ఉండేది. తెప్ప నీళ్ళలో తడిసిన తరవాత ఎవరూ వద్దు అనకూడదు. ఆ మాట పెద్ద కీడు. ఎవరైనా నోరుజారి అంటే, ఉప్పునీళ్ళతో ముమ్మారు నోరు పుక్కిలించాలి, ఆ పూట ఎవరింటి గడపా తొక్కకూడదు. ఆదెమ్మ ఎన్నడూ వద్దు అనలేదు. ఆమె చెప్పేది సముద్రం చేసిన పని మాత్రమే. ఉండడం, వెళ్ళడం వాళ్ళిష్టం. అలా ఏళ్ళు గడిచాయి. ఎల్లాజీకి మీసం వచ్చింది, సొంత తెప్ప వచ్చింది, పోలమ్మ అనే పెళ్ళాం వచ్చింది. తెప్ప దించే ముందు ప్రతిరోజూ వదిన దగ్గరకి వచ్చి, "ఎల్లొస్తాను వదినా" అనేవాడు. అది వినకుండా ఆమెకి రోజు మొదలయ్యేది కాదు.

ఒక ఏడు ఏం వచ్చిందో, సముద్రం రోజూ లాగడం మొదలుపెట్టింది. ఒకనాడు లాగింది. మర్నాడు లాగింది. మూడోనాడూ లాగింది. తెప్పలు ఎండి దుంగలు బీటలు తీశాయి. ఎండబెట్టి దాచిన నెత్తళ్ళు అయిపోయాయి. తాటిపండ్లు కాల్చుకు తిన్నారు, తరవాత టెంకలు కూడా కొట్టుకు తిన్నారు. ఆకలి వేస్తే మనిషి దేవుణ్ణైనా తిడతాడు, వదిన ఎంత.

"ముగ్గు పుణ్యమా అని పస్తులు పడుకుంటన్నాం," అన్నారు ఒకరు.

"ముగ్గేస్తేనే లాగుతాది గావాల. ఓ పూట ఎయ్యకుండా సూస్తే పోదా," అన్నారు ఇంకొకరు.

పోలమ్మకి నెలలు నిండుతున్నాయి. ఇంట్లో ఉన్న నూకల్లో ఆదెమ్మ తన వంతు కూడా ఆమెకే వార్చి పోసేది. గంజి పలచన, ఇంకా పలచన అవుతోంది. ఎల్లాజీ రోజుకోసారి సముద్రం వైపు చూసి, వదిన వైపు చూసి, ఏమీ అనకుండా పోయేవాడు. అనకపోవడమే ఆమెకి ఎక్కువ బాధగా ఉండేది.

అలా ఉండగా ఒక తెల్లవారింది. అలాంటి తెల్లవారడం ఆ ఊరు చూడలేదు. మబ్బు లేదు, గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టు పడి ఉంది. పెద్దక్క లేదు, నడిపక్క లేదు. చిన్నది ఒడ్డున పిల్లి నాకినట్టు ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటోంది. తెప్పలన్నీ నీటి అంచుకి ఈడ్చుకొచ్చేశారు. దుంగల మీద నీళ్ళు చల్లేశారు. ఆదెమ్మ ముగ్గేసి కూర్చుంది. కెరటం రాలేదు. ఇంకాసేపు చూసింది. కెరటం ముగ్గు దాకా రావడం లేదు. నిన్నటి తడి కూడా ఆరిపోతోంది. ఎర్ర పీతలు నీళ్ళకేసి పోవడం మాని, గుంపుగా దిబ్బల మీదకి పాకుతున్నాయి. ఆదెమ్మ పీతల్నీ, నీళ్ళనీ మార్చి మార్చి చూసింది. సముద్రం ఊపిరి బిగబట్టినట్టుంది. ఎందుకో తెలియదు. ఇలాంటిది ఎన్నడూ చదవలేదు.

దానయ్య వచ్చాడు. చాలా రోజుల తరవాత ఆయన మొహంలో నవ్వుంది.

"వదినా, చూసిందా, ఊడ్చిందా, లాగిందా?"

"ఏదీ కాదు బాబూ. ముట్టనేదు."

"ముట్టనేదా? మరింకేటి. ముగ్గుని ముట్టకుండా ఒగ్గీసిందంటే అంతకన్నా మంచి మాట ఏటుంటాది?" అని వెనక్కి తిరిగి, "దించండర్రా" అన్నాడు.

ఒడ్డంతా ఒక్కసారి కదిలింది. మగవాళ్ళు భుజాలు ఆనించారు. ఆదెమ్మ లేచి నిలబడింది. కెరటం చూడలేదు, ఊడ్చలేదు, లాగలేదు. ఈ నాలుగోదానికి ఊళ్ళో పేరు లేదు. ఉన్నది ఒక్కటే మాట. ఆ మాట అనకూడదు. ఆమె ఎల్లాజీ తెప్పకి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"వద్దు," అంది.

తెప్పలకి ఆనించిన భుజాలు ఆగిపోయాయి. నూకమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఓలే ఆదెమ్మా, ఏటా మాట? తడిసిన తెప్పల ముందర ఏటా మాట?"

ఎల్లాజీ మొహం నల్లబడింది. అందరి ముందూ తన తెప్పనే ఆపింది.

"వదినా, తప్పుకో," అన్నాడు.

"ఈ ఒక్క పూట, నాయినా."

"పోలమ్మకి రేత్రి ఉత్త ఉప్పునీల్లు కాసి పోసినాను. ఈ ఒక్క పూట, ఈ ఒక్క పూట అని ఎన్ని పూటలు? అందరూ ఎల్తన్నారు. నానొక్కణ్ణే ఆగిపోతే, ఆడదాని కొంగు సాటున దాక్కున్నాడంతారు."

ఆమెని భుజాలు పట్టి పక్కకి జరిపాడు. మెల్లగానే జరిపాడు. తెప్ప తోసి ఎక్కి కూర్చున్నాడు. ఎల్లొస్తాను అనలేదు. వెనక్కి చూడలేదు. అందరూ వేట పడే వైపు వెళితే, కోపంతో అందరికన్నా దూరం, దక్షిణం వైపు తెడ్డేసుకుంటూ పోయాడు.

ఆడవాళ్ళు ఆదెమ్మ చేత ముమ్మారు ఉప్పునీళ్ళు పుక్కిలింపించారు. ఆమె పుక్కిలించింది. ఎవరింటి గడపా తొక్కకూడదు కదా, ఒడ్డునే కూర్చుంది. ముగ్గు ముందు అలాగే కూర్చుని ఉండగా పొద్దు నడినెత్తికి వచ్చింది.

అప్పుడు సముద్రం ఊపిరి వదిలింది.

ఆకు కదలడం లేదు. గాలి పోగు లేదు. ఎక్కడో కంటికి ఆనని దూరాన తుఫాను పుట్టి ఉంటుంది, దాని కెరటాలు మాత్రం దానికన్నా ముందు వచ్చాయి. పెద్దక్క ఎన్నడూ విరగనంత దూరంలో విరిగింది. దాని వెనక నడిపక్క. దాని వెనక చిన్నది. చిన్నదే తాటిచెట్టు సగం ఎత్తుంది. ఒడ్డు పొడవునా ఒకటే తెల్లటి గోడ లేచి పడుతోంది. ఆ చప్పుడికి ఊళ్ళో కుండలు కదిలాయి.

పొద్దు వాలేసరికి తెప్పలు తిరిగొచ్చాయి. కెరటాలకి అవతల ఆగిపోయాయి, ఒక్కటీ ముందుకి రాలేదు. ఆదెమ్మకి కొర్లయ్య మాట చెవిలో చెప్పినట్టు వినబడింది. వాళ్ళకి వీపులే కనబడుతున్నాయి. ఎక్కడ విరుగుతోందో, ఎక్కడ లేదో తెలియడం లేదు. మొహం కనబడేది ఒడ్డున ఉన్న తనకి.

కొబ్బరిచిప్ప నిండా పిండి తీసుకుని ఒడ్డు పట్టుకుని పరిగెత్తింది. పరిగెడుతూ ముగ్గు గీసేది. ఇక్కడ లాగింది. ఇంకొంచెం పరిగెత్తి ఇంకోటి. ఇక్కడా లాగింది. ఊరి చివర రాళ్ళగుట్ట ఒకటి ఉంది, అది దాటాక ఒకచోట గీసింది. కెరటం అలిసిపోయి వచ్చింది. ముగ్గుని ఊడ్చి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. తల ఎత్తి చూసింది. అక్కడ, ఆ తెల్లగోడలో, ఒక సన్నటి సందు. నీళ్ళు లోతుగా, నల్లగా ఉన్నాయి. కెరటం లేస్తోంది గాని విరగడం లేదు. దారి అది.

ఆమె నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళ లోతు, మొల లోతు, రొమ్ము లోతు. కొంగు విప్పి రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. ముగ్గురు అక్కచెల్లెళ్ళు దాటేదాకా ఎత్తి ఉంచింది. మూడోది దాటగానే సముద్రం ఒక్క గుక్క ఆగుతుంది. అప్పుడు కొంగు దించి, "రండర్రా" అని కేకేసింది.

దానయ్య తెప్ప వచ్చింది. ఆమె పక్కనుంచి ఒడ్డు కేసి జారిపోయింది. మళ్ళీ కొంగెత్తింది, ముగ్గురూ దాటారు, కొంగు దించింది. ఇంకో తెప్ప వచ్చింది. ఎత్తింది, దాటారు, దించింది. ఇంకో తెప్ప. నడుమ నడుమ ఆ సందు పక్కకి జరిగేది. ఆమె దానితోపాటు జరిగేది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఒడ్డున ఇసుక మీద బోర్లాపడి దగ్గుతున్నారు. ఆడవాళ్ళు వాళ్ళ వీపులు రుద్దుతున్నారు.

"వదినా, ఇంక రా, అందరూ వచ్చినట్టే," అని ఎవరో అరిచారు.

"ఇంకో తెప్ప రావాల," అంది ఆమె.

నిజమే. ఎల్లాజీ తెప్ప రాలేదు.

ఆమె నిలబడింది. సందె వెలుతురు నీళ్ళ మీద బంగారు పొట్టులా పరుచుకుంది. చలి తెలియడం మానేసింది. కాళ్ళ కింద ఇసుక కొంచెం కొంచెంగా జారిపోతోంది. చిన్నప్పుడు ఏట్లో నిలబడితే పాదాల కింద అలాగే కితకితలు పెట్టేది. నాన్న విసిరిన వల గాల్లో గొడుగులా విచ్చుకోవడం కనబడింది. కొబ్బరిచిప్పతో పిండి తెచ్చిన గుంటడు కనబడ్డాడు. దూరాన నీళ్ళ మీద నల్లగా ఏది తేలినా, అదిగో ఎల్లాజీ అనుకునేది. కొంగెత్తేది. ముగ్గురు అక్కచెల్లెళ్ళు దాటేవారు. కొంగు దించేది. "రా నాయినా" అనేది. ఏదీ వచ్చేది కాదు. మళ్ళీ కొంగెత్తేది.

వెనకాల ఒడ్డున పెద్దగా కేకలు వినబడ్డాయి. నన్నే పిలుస్తున్నారు, వచ్చెయ్యమంటున్నారు అనుకుంది. వెనక్కి తిరగలేదు. ఒక్కసారి కళ్ళు తిప్పితే సందు ఎటు జరుగుతుందో, మళ్ళీ దొరకకపోతే ఎల్లాజీకి దారేది.

ఆ కేకలు ఏమిటో చెబుతాను, వినండి. దక్షిణం నుంచి ఒడ్డు వెంబడి ఒక మనిషి కుంటుకుంటూ నడిచొచ్చాడు. ఎల్లాజీ. వాడి తెప్పని నీటి వాలు ఈడ్చుకుపోయి, ఎక్కడో వేరే ఊరి ఇసుక మీద, కెరటాలు చల్లబడిన మలుపులో విసిరేసింది. తెప్ప పోయింది, మనిషి దక్కాడు. వాణ్ణి చూసి పోలమ్మ నిండు కడుపుతో పరిగెత్తింది. నూకమ్మ కర్ర పారేసింది. దానయ్య వాణ్ణి కావలించుకుని ఏడ్చాడు. ఊరు ఊరంతా వాడి చుట్టూ మూగింది. తడిమినవాళ్ళు తడిమారు, నీళ్ళు తాగించినవాళ్ళు తాగించారు. ఆ సంబరం చాలాసేపు నడిచింది.

గుక్క తిప్పుకుని ఎల్లాజీ అడిగాడు.

"వదిన ఏదీ?"

దానయ్య పోలమ్మ వైపు చూశాడు, పోలమ్మ చెప్పి ఉంటుందనుకున్నాడు. పోలమ్మ అత్త వైపు చూసింది, అత్త చెప్పి ఉంటుందనుకుంది. నూకమ్మ దానయ్య వైపు చూసింది, దానయ్య చెప్పి ఉంటాడనుకుంది. ఎవరూ చెప్పలేదు. ఎల్లాజీ వచ్చేశాడని, ఇంక రావలసిన తెప్ప లేదని, ఆమెకి ఒక్కరూ చెప్పలేదు.

అందరూ సముద్రం వైపు తిరిగారు. నీళ్ళున్నాయి. నీళ్ళ మీద నురుగుంది. ఆమె లేదు.

ఎల్లాజీ జనాన్ని తోసుకుని పరిగెత్తాడు. రాళ్ళగుట్ట దాటి, ఆమె నిలబడ్డ చోటికి, రొమ్ము లోతు దాకా పోయాడు. అక్కడ నిలబడి, పొద్దున్న అనకుండా వెళ్ళిపోయిన మాట బదులు ఇంకో మాట అన్నాడు.

"వదినా, వచ్చేసినాను. ఇదిగో, నాను వచ్చేసినాను. నువ్వూ రా."

గొంతు పోయేదాకా అన్నాడు. దానయ్య వెళ్ళి పక్కన నిలబడి తనూ అన్నాడు. ఆ పూట ఆమె చూపిన దారిన వచ్చిన ప్రతివాడూ నీళ్ళలోకి దిగి, వదినా నేను వచ్చేశాను అని తన వంతు చెప్పాడు. ముందే చెప్పవలసిన మాట. ఆలస్యంగా చెప్పారు. వాళ్ళకి ఆ సిగ్గు బతికినంతకాలం పోలేదు, పోకపోవడమే మంచిదైంది.

కథ కంచికి, మనం ఇంటికి అంటారు మిగతా ఊళ్ళలో. ఆ ఊళ్ళో మాత్రం ఇంటికి పోయే ముందు ఒక పని ఉంది. వేట నుంచి అందరికన్నా ఆఖరున ఒడ్డెక్కినవాడు నేరుగా గుడిసెకి పోడు. వెనక్కి తిరిగి, నీళ్ళ అంచున నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని పిలుస్తాడు.

"వదినా, అందరం వచ్చేసినాం. నువ్వూ ఇంటికి రా."

ముసలివాడైనా వదినా అనే పిలుస్తాడు, మీసం రాని వాడైనా వదినా అనే పిలుస్తాడు. సముద్రం పాలలా ఉన్న రోజైనా పిలుస్తాడు. ఒక్క తెప్ప తక్కువైనా ఆ మాట అనరు, వరసగా కూర్చుని చూస్తారు. ఆ పిలుపు చెవిన పడేదాకా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎవరికీ అన్నం వడ్డించరు.

ఆ ఊరు దాటి చుట్టుపక్కల ఊళ్ళల్లోకి కూడా ఒక మాట పాకింది. ప్రయాణం నుంచి వచ్చినా, జ్వరం నుంచి లేచినా, కాన్పై తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడినా, ఇంట్లో పెద్దవాళ్ళు ముందుగా అడిగేది అదే.

"ఒడ్డెక్కినావు సరే. వదినకి సెప్పినావా?"

చెప్పకపోతే, ఉన్నపళంగా లేచి, ఎదురు చూస్తున్న వాళ్ళెవరో వాళ్ళ దగ్గరకి మనమే వెళ్ళి చెప్పి రావాలి. ఇంకెవరో చెప్పే ఉంటారని అనుకోకూడదు.